నీలం బుట్టలో పడితే ఎవరిది?

ఆ ఇంట్లో నాలుగు గోడలకి నాలుగు రంగులు. నాలుగంటే ఖచ్చితంగా నాలుగే అనుకునేరు, వంటింటి వైపు గోడ సగం దాకా గులాబి, ఆ పైన లేత పసుపు. గులాబి అక్కడికి అయిపోయింది మరి, ఏం చేస్తారు? నాన్న ఇళ్ళకి రంగులేసే మేస్త్రీ. ఒక ఇంటి పని ముగిశాక డబ్బా అడుగున మిగిలిన రంగుని ఆ ఇంటివాళ్ళనడిగి తెచ్చుకునేవాడు. అలా పుట్టిన గోడలు కాబట్టి వాటికి పేర్లుండేవి. కిటికీ వైపుది పళ్ళ డాక్టరు గోడ, దానికెదురుగా ఉన్నది బడి గోడ, గులాబిది కేకుల షాపు గోడ. "నా సాక్సులేవి?" అని ఒకళ్ళడిగితే "పళ్ళ డాక్టరు గోడ కింద చూడు" అని ఇంకొకళ్ళనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేస్తే ఇంటిల్లిపాదికీ అదో సరదా.

కుర్చీలదీ అదే కథ. మిషను ముందుండే ఒక్క చెక్క కుర్చీ తప్పిస్తే మిగిలినవన్నీ ఖాళీ రంగు బకెట్లు బోర్లించి, పైన దిండు వేసినవే. ఆ దిండ్లలో నింపింది అమ్మ కుట్టుమిషను కింద రాలిన పీలికలు. అమ్మ కర్టెన్లు కుట్టేది. బజార్లో కర్టెన్ల షాపాయన గుడ్డ పంపితే ఇంట్లోనే కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళి ఇచ్చేది. ఆవిడ చేతిపనికి వంక పెట్టినవాడు లేడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. వచ్చినంత తొందరగానూ పోయేదనుకోండి, ఆ ఒక్కటీ నయం.

పిల్లలిద్దరు. పెద్దది రెండో తరగతి, ఇంట్లో దాన్ని అందరూ పిలిచేది కత్తెరమ్మ అని. చిన్నాడు ఇంకా బడి మొహం చూడలేదు, వాడు బుడంకాయ. కత్తెరమ్మకి మాటలకన్నా ముందు చేతులొచ్చాయి. పాకే వయసులోనే మిషను కిందకి దూరి, అందిన గుడ్డనల్లా లాగేది. అమ్మకి తలప్రాణం తోకకొచ్చేది. ఇలా కాదని, పిడి విరిగిన నీలం బుట్ట ఒకటుంటే దాన్ని మిషను పక్కన పెట్టి, ఆవిడే ఒక చట్టం చేసింది. బల్ల మీదున్నది అమ్మది, వేలితో కూడా ముట్టుకోకూడదు. నీలం బుట్టలో పడింది పిల్లలది, దాన్ని ఏం చేసుకున్నా అమ్మ అడగదు.

ఇక చూస్కోండి. ఆ బుట్టలోంచి ఏం పుట్టలేదని? నాన్న చిరిగిన సాక్సుతో ఏనుగు పుట్టింది, దానికో చెవి చారలది, ఇంకోటి చుక్కలది. పై ఇంటి పిల్లికి గొడుగు పుట్టింది, పిల్లికి నచ్చలేదన్నది వేరే సంగతి. బుడంకాయకి రెక్కలొచ్చాయి, కిరీటమొచ్చింది, ఒకసారి తోక కూడా వచ్చింది. ఆ తోకతోనే భోజనానికి కూర్చుంటానని వాడు పేచీ పెడితే నాన్న బకెట్టుకి వెనకాల కన్నం చేసిచ్చాడు. అలాంటి మనిషాయన.

అన్నిటికన్నా గొప్పది ఆదివారం సినిమా. వంటింటి గుమ్మానికి పాత దుప్పటి కట్టి, దాని వెనక టార్చి లైటు పెట్టి, అట్టముక్కల బొమ్మలు ఆడించేది కత్తెరమ్మ. కథ దానిదే, మాటలు దానివే, ఉరుములూ మెరుపులూ బుడంకాయవి. టికెట్టు ఒక గుండీ. వసూలైన గుండీలన్నీ ఆట అయ్యాక అమ్మ గుండీల డబ్బాలోకి పోయేవి. మేడ మీదుండే ఇంటి ఓనరు మామ్మగారు ఒక్క ఆట కూడా వదిలేది కాదు. ఆవిడ దగ్గర విడి గుండీలెక్కడివి? గుమ్మం దగ్గర నిలబడి తన స్వెట్టరుదే ఒకటి పుటుక్కున తెంపి ఇచ్చేది. సోమవారం అమ్మ దాన్ని డబ్బాలోంచి వెతికి తీసి మళ్ళీ కుట్టిచ్చేది. ఆ స్వెట్టరు గుండీలు చూసినన్ని సినిమాలు ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

ఆ వారం కత్తెరమ్మ సముద్రం కథ అనుకుంది. ఓడా తిమింగలమూ అట్టతో తయారైపోయాయి. సముద్రమే దొరకలేదు. దుప్పటి ముందు నేల మీద పరిచి, అటో కొస ఇటో కొస పట్టుకుని ఊపాలట, అలలు లేవాలట. రోజూ బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి బుట్టలో తల దూర్చేది. ఆ వారమంతా అందులో పడినవి పసుపు పూల ముక్కలే. పూల సముద్రం ఎక్కడైనా ఉంటుందా అని మొహం వేలాడేసుకుని కూర్చునేది.

సరిగ్గా అప్పుడే షాపాయన ఒక ఖరీదైన గుడ్డ పంపాడు. కొత్తగా కట్టిన హోటలుకి ముందు గది కర్టెన్లు. నీలమూ కాదు, బూడిద రంగూ కాదు, రెండిటికీ మధ్య ఒక మెరుపు, చేత్తో పట్టుకుంటే నీళ్ళలా జారిపోయేది. ఇవి నచ్చితే హోటలు గదులన్నిటి పనీ నీకే ఇప్పిస్తానని ఆయన ఆశ పెట్టాడు. అమ్మకి కాళ్ళు నేల మీద ఆనలేదు. బల్ల మీద పరిచి ఒక్కో పరదా కత్తిరించింది. చోటు చాలక చివరిదాన్ని తను కూర్చునే కుర్చీ వీపు మీద వేసింది. తీరా చూస్తే రింగులు తక్కువయ్యాయి. మెట్ల మీద కూర్చున్న మామ్మగారికి, పిల్లల్ని కాస్త చూస్తుండమని ఒక కేకేసి, చెప్పులేసుకుని సందు చివరి కొట్టుకి పరిగెత్తింది.

జారుడు గుడ్డ అది. కుర్చీ మీద ఎంతసేపుంటుంది? కుర్చీ పక్కనే నీలం బుట్ట ఉందాయె.

అమ్మ తిరిగొచ్చేసరికి కత్తెరమ్మ నేల మీద బోర్లా పడుకుని, నాలుక కాస్త బయట పెట్టి, ఆఖరి అల కత్తిరిస్తోంది. పరదా ఒక అంచు పొడుగునా ఎగుడుదిగుడుగా అలలు. దాని మధ్యలో బుడంకాయ ఈత కొడుతున్నాడు. ఆ పిల్ల తలెత్తి, వెలిగిపోతున్న మొహంతో, సముద్రం దొరికిందమ్మా అంది.

అమ్మ నోరు తెరిచింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. కత్తెర లాక్కుంది. నీకు కళ్ళు లేవా, కొత్త గుడ్డకీ పీలికకీ తేడా తెలీదా, నా నోటి కాడ కూడు తీశావు కదే అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. ఇంకోసారి గుడ్డల జోలికొస్తే చేతులు విరగ్గొడతానంది. మెట్ల మీంచి మామ్మగారు పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బుట్టలో ఉందమ్మా," అంది కత్తెరమ్మ.

అంతే అంది. ఏడవలేదు. ఇద్దరి వంతూ బుడంకాయే ఏడ్చాడు.

అమ్మ కుర్చీ వైపు చూసింది, బుట్ట వైపు చూసింది. ఏం జరిగిందో ఆవిడకి అప్పుడే అర్థమైంది. కానీ కోపం మంచి ఊపులో ఉన్నప్పుడు నాది తప్పు అనే మాట గొంతులోంచి పైకి రాదు, ఆవిడకనే ఏముంది, ఎవరికైనా అంతే. గుడ్డ చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని షాపుకి బయల్దేరింది.

షాపాయన ఒంటికాలి మీద లేచాడు. అరిచి అరిచి ఆయాసపడి, చివరికి తానులో ఇంకో పరదాకి సరిపడా గుడ్డ మిగిలుంటే అది ఇచ్చాడు, ఈసారి కుట్టుకూలి మాత్రం అడగొద్దన్నాడు. కత్తిరించిన ముక్కని ఆవిడ మీదకే విసిరి, దీన్ని నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగమన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చి, అనుకున్న రోజుకే పని పూర్తి చేసింది. హోటలు వాళ్ళకి నచ్చాయి కూడా. ఆ గొడవ అక్కడితో తీరిపోయింది. అసలు గొడవ ఇంట్లో మొదలైంది.

మర్నాడు కత్తెరమ్మ బడి నుంచొచ్చి, బుట్ట దగ్గర నిలబడి, అందులోంచి వేలెడంత పసుపు ముక్క తీసి, మిషను దగ్గరికి పట్టుకొచ్చి, "ఇది తీసుకోవచ్చా?" అనడిగింది. అమ్మ తీసుకోమంది. కాసేపాగి ఇంకో ముక్క పట్టుకొచ్చింది. ఇది తీసుకోవచ్చా? ఆ రెండూ తీసుకుని వాటితో ఏమీ చెయ్యలేదు, మడతపెట్టి మళ్ళీ బుట్టలోనే వేసేసింది. ఆ తర్వాత అడగడం కూడా మానేసింది. చక్కగా హోంవర్కు చేసుకునేది, చెప్పిన మాట వినేది, గదిలో ఒక్క పీలిక కూడా ఉండేది కాదు. ఇల్లు ఇంత శుభ్రంగా ఉండాలని ఎన్నాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుందో ఆవిడ. తీరా అలా అయ్యాక ఇల్లంతా బోసిపోయి, మిషను చప్పుడు కూడా చెవులకి చేదుగా వినిపించింది.

ఆదివారం వచ్చింది. మామ్మగారు ఎప్పట్లాగే కిందకి దిగి, గుమ్మంలో నిలబడి స్వెట్టరు గుండీ మీద చెయ్యి వేసింది. గుమ్మానికి దుప్పటి లేదు. ఈ వారం ఆట లేదండీ, అమ్మకి పనుంది, అని కత్తెరమ్మ పెద్ద మనిషిలా చెప్పింది. బుడంకాయ మాత్రం కాగితం టోపీ పెట్టుకుని టికెట్లకి సిద్ధంగా ఉన్నాడు పాపం. అక్కా సముద్రం ఎప్పుడు అని పొద్దుట్నుంచీ జోరీగలా చెవిలో పోరుతూనే ఉన్నాడు. సముద్రం లేదు, పోరా అంది అక్క. మామ్మగారు అమ్మ వైపు ఒక చూపు చూసింది. గుండీ అలాగే ఉంచుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అమ్మ తనకి తోచిన వైద్యం చేసింది. ఆ ఇంట్లో ఎప్పుడూ జరగని పని, కొట్టుకెళ్ళి కొత్త రంగు కాగితాల కట్టా, పిల్లలు వాడే ఎర్ర పిడి కత్తెరా కొనుక్కొచ్చింది. కత్తెరమ్మ బుద్ధిగా థాంక్స్ చెప్పి, రెండిటినీ కవరు విప్పకుండా పుస్తకాల పక్కన నిలబెట్టింది. విప్పవే, ఏమైనా చెయ్యవే అంటే, కొన్నవి కదమ్మా, పాడుచెయ్యకూడదు అంది. అమ్మ గుండె చివుక్కుమంది.

సాయంత్రం నాన్న పెరట్లో బ్రష్షులు కడుక్కుంటుంటే పక్కన కూలబడి గోడు వెళ్ళబోసుకుంది. పిల్లదానికి ఏదో అయిపోయింది, ఇంత మంకుపట్టు ఎవరి పోలికో అంది. నాన్న బ్రష్షు విదిలించి, పోలిక సంగతి నన్నడక్కు అన్నాడు. తర్వాత నెమ్మదిగా, ఆ రోజు గుడ్డ కుర్చీ మీద వేసింది నువ్వేనని దానికి చెప్పావా అనడిగాడు.

"కన్నతల్లిని. దానికి క్షమాపణ చెప్పుకోవాలా?"

"నాకైతే పెళ్ళైన దగ్గర్నుంచీ చెప్పలేదు, నేను అలవాటు పడిపోయాను. అది చిన్నపిల్ల."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళ నీళ్ళొచ్చాయి. లోపలికెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగానే కడిగింది. ఆ రోజుకి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ పాడైన పరదా బీరువా మీద చుట్ట చుట్టి ఉంది. అంచు పోయినా మిగతాదంతా బంగారం లాంటి గుడ్డ. దాంతో దిండు గలీబులు కుట్టి షాపులో అమ్మకానికి పెడితే పోయిన కూలి కొంతైనా రాబట్టుకోవచ్చని ఆవిడ లెక్క. ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని కిందకి దించి, బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీతలు గీస్తోంది. అప్పుడే కత్తెరమ్మ బడి నుంచొచ్చింది. గుమ్మంలోనే గుడ్డని చూసింది. పిల్ల ఆగింది. బల్ల పక్కనుంచి నడిస్తే రెండడుగుల్లో లోపలి గదికి పోవచ్చు. అలా పోలేదు. బడి గోడకి వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, గోడ వెంబడే చుట్టూ తిరిగి వెళ్ళింది. ఎక్కడ పొరపాటున గౌను అంచు తగిలినా కరిచే కుక్క పక్కనుంచి పోతున్నట్టు.

ఆ చేతులు వెనక్కి పెట్టుకోవడం చూశాక ఇంక ఆవిడ వల్ల కాలేదు. విరగ్గొడతానన్న చేతులవి. దిండు గలీబులూ వద్దు, కూలీ వద్దు అనుకుంది. రమ్మని పిలిచింది. పిల్ల వచ్చి దూరంగా నిలబడింది. అమ్మ ఆ గుడ్డ మొత్తం బల్ల మీంచి తీసి, సుద్ద గీతలతో సహా, పక్కనున్న నీలం బుట్టలో పడేసింది.

"నీలం బుట్టలో పడితే ఎవరిది?"

కత్తెరమ్మ బుట్ట వైపు చూసింది, అమ్మ మొహం చూసింది. కోపం ఎక్కడైనా దాక్కుని ఉందేమోనని వెతుకుతున్నట్టు చూసింది.

"ఇప్పుడు నువ్వు చూసి వేశావు," అంది చివరికి. "ఆ రోజు చూడకుండా పడింది. మళ్ళీ ఎప్పుడైనా చూడకుండా పడితే నాకెలా తెలుస్తుందమ్మా?"

అదీ సంగతి. ఇన్నాళ్ళూ ఆ పిల్ల అలిగిందనుకుంది ఆవిడ, మంకుపట్టనుకుంది. అది అలకా కాదు, పట్టూ కాదు. బుట్టలో ఉన్న ఏ గుడ్డని చూసినా ఇది నిజంగా తనదో కాదో తెలియక, తప్పు చెయ్యకూడదని, చిన్న బుర్రతో అన్ని రోజులూ సతమతమైపోయింది. అమ్మ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుంది.

"చూడకుండా పడినా నీదే. నువ్వు చట్టం తప్పలేదు. కుర్చీ మీద వేసింది నేను, చూసుకోనిది నేను, నిన్ను తిట్టిందీ నేనే. తప్పంతా నాదేనమ్మా."

ఇంతకాలం గొంతులో ఇరుక్కున్న మాట అంత తేలిగ్గా వచ్చేసిందేమిటా అని ఆవిడకే ఆశ్చర్యమేసింది. కత్తెరమ్మ మీదకొచ్చి వాటేసుకుంటుందనుకుంది. వాటేసుకోలేదు. వంగి, బుట్టలోంచి గుడ్డంతా తీసి అమ్మ ఒళ్ళో పెట్టేసింది. అయిపోయింది, ఇది ఇంక నన్ను క్షమించదు అనుకుంది ఆవిడ, ప్రాణం ఉసూరుమంది. పిల్ల ఖాళీ బుట్టని రెండు చేతులా పట్టుకుని బరబరా ఈడ్చుకుంటూ గది దాటింది. కుర్చీకీ బల్లకీ దూరంగా, ఎదుటి మూల, బడి గోడ కింద పెట్టి, రెండు చేతులూ దులుపుకుని తిరిగి చూసింది.

"ఇక్కడైతే ఏదీ దానంతటది పడదమ్మా. నువ్వు లేచొచ్చి వేస్తేనే పడుతుంది. నీ గుడ్డలు పాడవ్వవు." తర్వాత, "ఇప్పుడు వెయ్యి," అంది.

ఆవిడ కళ్ళు మసకబారాయి. తను తప్పొప్పుల లెక్క చూసుకుంటూ కూర్చుంటే, ఈ పిల్ల అమ్మ గుడ్డలు మళ్ళీ పాడవకుండా ఏం చెయ్యాలా అని ఆలోచించింది. ఆవిడ లేచి, గుడ్డ ఎత్తుకుని, ఆ కాస్త గదీ నడిచి వెళ్ళి, పిల్ల చూస్తుండగా బుట్టలో వేసింది. కత్తెరమ్మ ఒక్కసారి తలూపింది. తర్వాత పుస్తకాల పక్కనున్న కొత్త ఎర్ర కత్తెర వైపు కన్నెత్తి కూడా చూడకుండా, మిషను సొరుగులోని పాత కత్తెర తెచ్చుకుని నేల మీద బోర్లా పడుకుంది. నాలుక కాస్త బయటికొచ్చింది. బుడంకాయ ఎక్కడున్నాడో, కత్తెర చప్పుడు విని పరిగెత్తుకొచ్చి సముద్రంలోకి దూకాడు.

ఆ ఆదివారం గుమ్మానికి దుప్పటి కట్టారు. మామ్మగారు గుండీ ఇచ్చి, రెండు దిండ్లున్న బకెట్టు మీద దర్జాగా కూర్చుంది. నాన్న చొక్కా చేతి గుండీ ఇచ్చాడు. అమ్మ వట్టి చేతులతో వచ్చింది. నేను అమ్మనిరా అంటే కాగితం టోపీవాడు దారివ్వలేదు, అమ్మైనా సరే గుండీ ఇవ్వాల్సిందే అన్నాడు. ఆవిడ తన మంచి స్వెట్టరుకున్న పై గుండీ పుటుక్కున తెంపి వాడి చేతిలో పెట్టింది. లోపల లైటు వెలిగింది, ఓడ బయల్దేరింది, గది అడ్డంగా నీలి బూడిద రంగు సముద్రం లేచింది. ఏ అలలకైతే అంత రభస జరిగిందో ఆ అలలే, వరసగా ఎగిరి పడుతున్నాయి. ఒక కొస బుడంకాయ పట్టుకున్నాడు, రెండో కొస పట్టుకోడానికి మనిషి తక్కువైతే దుప్పటి వెనకనుంచి అమ్మా నువ్వు రా అని పిలుపొచ్చింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఆట అయ్యేదాకా సముద్రం ఊపింది. చేతులు పీకినా వదల్లేదు.

ఇప్పటికీ ఆ ఇంట్లో నీలం బుట్ట బడి గోడ కిందే ఉంటుంది. కర్టెను కత్తిరించేటప్పుడు రాలిన ప్రతి పీలికకీ ఆవిడ కుర్చీలోంచి లేవాలి, గది దాటాలి, వేసి రావాలి. మామ్మగారు ఒకరోజు చూడలేక, నీ నడుం పడిపోను, ఇటు జరుపుకోకూడదుటే అని బుట్ట మీద చెయ్యి వేయబోయింది. అక్కడే ఉండనివ్వండి మామ్మగారూ అని, చేతిలో పీలికతో అమ్మ లేచింది.